మంచు చలి కొలిచే కెమెరాతో మణుగూరు అడవికి

భద్రాచలం దాకా వెళ్లి రాముణ్ణి చూడకుండా తిరిగొచ్చిన మనిషిని నేను. ఈ సంగతి చెవిన పడిన దగ్గర నుంచి మా అమ్మ ఫోనులో నాతో ముక్తసరిగా మాట్లాడుతోంది. "నువ్వు కూర్చున్న చోటికి గుడి ఎంత దూరమే?" అని అడిగింది. ఆటో ఎక్కితే అయిదు నిమిషాలు అన్నాను. అబద్ధమైనా చెప్పి ఉండాల్సింది. అక్కడ ఏం చేశావని ఆవిడ అడిగితే ఫోనులో చెప్పడం నా వల్ల కాలేదు. అందుకే తీరిగ్గా రాస్తున్నాను.

ముందు నా ఉద్యోగం గురించి రెండు ముక్కలు చెప్పాలి, ఎందుకంటే ఈ ప్రయాణమంతా దాని చుట్టూనే తిరిగింది. గురుగ్రహం చుట్టూ తిరిగే చందమామల మీద మంచు ఎంత చల్లగా ఉందో లెక్కకట్టడం నా పని. అక్కడికెళ్లి థర్మామీటరు గుచ్చి రాలేం కదా. అయితే ప్రతి వస్తువూ, ఎంత చల్లటిదైనా సరే, కంటికి కనిపించని వెలుగు ఒకటి వదులుతూనే ఉంటుంది. దాన్ని పరారుణ కాంతి అంటాం. వేడి వస్తువు ఎక్కువగా వదులుతుంది, చల్లటిది తక్కువగా. టెలిస్కోపుతో ఆ కాస్త వెలుగునీ ఒడిసిపట్టి, ఇంత వెలుగుంటే ఇంత చలి అని తేలుస్తాం. యురోపా అనే చందమామ మీద మిట్టమధ్యాహ్నం కూడా చలి సున్నాకు నూట నలభై డిగ్రీల దిగువన ఉంటుంది. ఇరవై ఏళ్లుగా నేను చేస్తున్నది ఇదే. "దానివల్ల లాభమేంటి?" అని ఇప్పటికే చాలామంది అడిగారు కాబట్టి మీరు అడక్కండి.

మా హాస్టల్ రోజుల స్నేహితురాలు రమ, మణుగూరు అవతల అడవిలో ఒక ఆడపిల్లల ఆశ్రమ పాఠశాలలో సైన్సు టీచరు. "ఎప్పుడూ కంప్యూటర్లో మంచు చూసుకుంటూ కూర్చుంటావు, ఒకసారి వచ్చి మా పిల్లలకు చూపించవే" అని ఏటా పోరు పెడుతుంది. ఈ శీతాకాలం నిజంగానే బయల్దేరాను. వేడిని రంగుల్లో చూపించే చేతి కెమెరా ఒకటి సంస్థలో అడిగి తెచ్చుకున్నాను. వేడిగా ఉన్నది తెలుపు, పసుపు, ఎరుపు రంగుల్లోనూ, చల్లగా ఉన్నది నీలంగానూ కనిపిస్తుంది.

కల్లూరు

దారిలో ఒకరోజు కల్లూరులో సుశీల పిన్ని ఇంట్లో ఆగాను. వాళ్ల పెద్దలు ఎప్పుడో కృష్ణా జిల్లా నుంచి వచ్చి ఇక్కడ పొలాలు కొనుక్కున్నారు. పిన్ని మాటలో ఇప్పటికీ రెండు జిల్లాలూ ఉంటాయి. నన్ను "ఏంటే, ఇంత చిక్కిపోయావు" అని పలకరించి, అదే నోటితో పాలేరును "ఏందయ్యా, జల్దీ రా" అని కేకేసింది.

చిక్కుడుకాయ కూర, నాటుకోడి పులుసు, గడ్డపెరుగు. మూడోసారి వడ్డిస్తుంటే చెయ్యి అడ్డం పెట్టాను. ఆ చేతిని పక్కకు తోసి మరీ వడ్డించింది. మా గుంటూరులో చుట్టాల్ని బతిమాలి తినిపిస్తారు, ఇక్కడ బతిమాలడం కూడా ఉండదు.

"చందమామల మీద చలి కొలిస్తే జీతమిస్తారా?" అంది పిన్ని.

"ఇస్తారు పిన్నీ."

"మరి ఇక్కడి చలి ఎవరు కొలుస్తారు? పొద్దున్నే పాలు పిండడానికి వేళ్లు వంగడం లేదు నాకు."

బాబాయి కెమెరా తీసుకుని ఇల్లంతా తిరిగాడు. గేదె పొదుగు ఎర్రగా వెలిగింది, కొమ్ముల కొసలు నీలంగా మారాయి. పొయ్యి మీద మరుగుతున్న నీళ్ల స్టీలు గిన్నె మాత్రం చల్లగా ఉన్నట్టు చూపించింది. పాడైందేమో అని కంగారుపడ్డాడు. తళతళలాడే వస్తువు తన వెలుగును సరిగా వదలదు, ఎదురుగా ఉన్నవాటి వెలుగునే తిప్పి కొడుతుంది, అందుకని కెమెరా మోసపోతుందని చెప్పాను. చివరికి పిన్ని మొహం మీదికి తిప్పాడు. మొహమంతా పసుపు, ముక్కు ఒక్కటే నీలం. "నలభై ఏళ్లుగా అంటున్నాను నీ ముక్కు చల్లనిదని, ఇప్పుడు రుజువు దొరికింది" అన్నాడు. పిన్ని సిగ్గుపడి కొంగుతో ముక్కు కప్పుకుంది. ఆ వయసులో వాళ్లిద్దరినీ అలా చూడటం నాకు భలే ముచ్చటేసింది.

మణుగూరు

మణుగూరులో బొగ్గు లారీల వెనకాల నడిచే మనిషికి సాయంత్రానికి జేబురుమాలు నల్లబడుతుంది. బొగ్గు గనుల కాలనీల్లో వరసగా క్వార్టర్లు, ప్రతి క్వార్టరు ముందూ ఒక మునగచెట్టు, కాలనీ గోడ దాటితే అడవి. ఒకే వీధిలో ఇటు ఇడ్లీ బండి, అటు జీలుగు కల్లు కుండలు. కల్లు రుచి చూశాను. తియ్యగా మొదలై పుల్లగా దిగింది.

పిల్లలకు చూపించడానికి ఐసుగడ్డ కావాలని చేపల మార్కెట్‌కి వెళ్లాను. కొట్టతను నన్ను ఎగాదిగా చూశాడు.

"చాపలేవి మేడం?"

"చేపలొద్దు, ఐసొక్కటే కావాలి."

"గీ చలిల ఒట్టి ఐస్ ఏంజేస్తరు?"

"ఎంత చల్లగా ఉందో పిల్లలకు చూపిస్తాను."

అతను కాసేపు ఆలోచించి, "గట్లయితే పైసలొద్దు తియ్యండి" అన్నాడు. జాలిపడ్డాడని తర్వాత అర్థమైంది. ఊకలో పెట్టి గోనెసంచిలో చుట్టి ఇచ్చాడు.

షేర్ ఆటోలో ఆ మూట నా కాళ్ల దగ్గర పెట్టుకున్నాను. గుంతల రోడ్డు. పక్కనున్నామె మిరపకాయల బస్తా కింద నీళ్లు చేరాయి. "ఏందమ్మా ఇది, గీ నీళ్లేంది?" అని ఆమె లేచింది. నేను క్షమాపణ చెబుతుంటే డ్రైవరు వెనక్కి తిరిగి, "అక్కా, మేడం మంచు తెచ్చింది, సైన్సు మేడం" అని నా తరఫున వాదించాడు. ఆమె కోపం నిమిషంలో పోయింది. బస్తా తన ఒళ్లోకి ఎత్తుకుని, ఉడకబెట్టిన కందికాయలు గుప్పెడు నా చేతిలో పోసింది. ఉప్పు వేసి ఉడికించిన ఆ లేత కందికాయల్లాంటి తిండి నేనుండే హైదరాబాదులో ఏ హోటల్లోనూ దొరకదు. బడి చేరేసరికి ఐసుగడ్డ కొబ్బరికాయంత మిగిలింది.

అడవిలో బడి

ఆ ఊరి పేరు రాయను. తర్వాత జరిగింది ఒక ఇంటివాళ్ల సొంత విషయం.

రమ జుట్టు నెరిసింది. గొంతు మాత్రం అదే. "ముసలిదానివయ్యావేమే" అని నన్నే అంది. పిల్లలు గోడకు అరచేతులు ఆనించి తీస్తే, ఆ చేతుల అచ్చులు కెమెరాలో కాసేపు పసుపుగా వెలిగి చల్లారిపోయాయి. ఎన్నిసార్లు చేసినా వాళ్లకు తనివి తీరలేదు. ఐసుగడ్డ ముదురు నీలంగా కనిపించింది. యురోపా మీద మంచు దీనికంటే ఎంతో చల్లనిదని చెప్పాను.

చీకటి పడుతుండగా తూర్పున గురుగ్రహం పైకొచ్చింది. బడి దగ్గరున్న చిన్న టెలిస్కోపులో దాని పక్కన చుక్కల్లా కనిపించే నాలుగు చందమామల్ని చూపించాను. "పైపైన చూస్తే లోపల ఏముందో ఎట్ల తెలుస్తది?" అని ఒక పిల్ల అడిగింది. నా వృత్తిలో అన్నింటికంటే మంచి ప్రశ్న అది. యురోపా గురుగ్రహం నీడలోకి వెళ్లినప్పుడు దానికి గ్రహణం పడుతుంది. ఎండ ఆగిపోతుంది. అప్పుడు మంచు ఎంత వేగంగా చల్లబడుతుందో చూస్తాం. పైన ఒట్టి పొడిమంచే ఉంటే టక్కున చల్లబడుతుంది. గట్టి మంచైతే లోపల దాచుకున్న వేడితో మెల్లగా చల్లబడుతుంది. ఎండలో ఉండగా రెండూ వెచ్చగానే కనిపించవచ్చు. ఎండ తీసేస్తేనే అసలు సంగతి బయటపడుతుంది.

మర్నాడు పొద్దున మంచు ఇంకా విడవకముందే ఆశా కార్యకర్త నాగమణి పిల్లలకు ఐరన్ బిళ్లలు తెచ్చింది. ముప్పై అయిదేళ్లుంటాయి, తలకు మఫ్లరు, చేతిలో పెద్ద సంచి. పిల్లలు రాత్రి సంగతులు చెబుతుంటే విని, సంచిలోంచి తెల్లటి పిస్తోలు లాంటిది తీసింది. నుదుటికి ఎదురుగా పెడితే జ్వరం చూపించే పరికరం.

"మేడం, కరోనా అప్పుడు ఇచ్చిన్రు. ఇది గూడ మీ సందమామల వెలుతురేనా?"

"అదే వెలుతురు."

ఆమె దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. తర్వాత గొంతు తగ్గించింది. "గట్లయితే మీరు నాతోని రావాలె మేడం. ఒక పసిబిడ్డ ఉంది. నెలలు నిండకముందే పుట్టింది. దవాఖానల నుంచి మొన్ననే ఇంటికొచ్చిన్రు. దీంతోని సూస్తే బాగనే సూపిస్తది. కని నిన్న సాయంత్రం సంది పాలు సక్కగ తాగుతలేదు, ఏడుపు గూడ సన్నగయింది. నాకు మనసొప్పుతలేదు."

రమ నా శాలువా తెచ్చి భుజాల మీద వేసింది. కెమెరా పట్టుకుని నాగమణి వెంట నడిచాను.

పొయ్యి పక్కన

మట్టిగోడల ఇల్లు, అలికిన నేల, గడ్డి కప్పు. పొయ్యి దగ్గర ముత్తవ్వ కూర్చుని ఉంది, బిడ్డకు నానమ్మ. ఆమె పక్కనే చేటలో పాత చీరల మెత్తమీద పాప. మొహం తప్ప అంతా చుట్టేశారు. ఎదురుగోడ పక్కన మంచం మీద తల్లి సుజాత గొంగడి కప్పుకుని బిడ్డవైపే చూస్తోంది. తండ్రి ఎర్రయ్య గుమ్మంలో నిలబడ్డాడు. మిరపచేలో కూలికి వెళ్లాల్సినవాడు వెళ్లలేదు.

"ఒంటికి ఒళ్లు ఆనిచ్చి పండబెట్టుకొమ్మని దవాఖానల సూపెట్టిన్రు గద! మల్ల పొయ్యికాడెందుకు పెట్టిన్రు?" అని నాగమణి అడిగింది.

ముత్తవ్వ కోయభాషలో జవాబు చెప్పింది. నాగమణి నా కోసం తెలుగులో చెప్పింది. "తల్లిది పచ్చి ఒళ్లట. సలువ ఒళ్లట. ఆనిస్తే గా సలువ బిడ్డకెక్కుతదట. నిప్పే మంచిదంటుంది."

నాకు నవ్వు రాలేదు. మా అక్క ప్రసవించినప్పుడు గుంటూరు నడిబొడ్డున మా ఇంట్లోనూ మంచం కింద కుంపటి పెట్టారు. చెవుల్లో దూది కుక్కారు, పెరుగు ముట్టనివ్వలేదు. మా అమ్మమ్మ కూడా "పచ్చి ఒళ్లు" అనే అనేది.

నాగమణి తన పరికరం పాప నుదుటికి చూపించింది. ముప్పై ఆరున్నర దాటింది. నా కెమెరా కూడా అంతే చెప్పింది. "బాగానే ఉంది కదా" అన్నాను. అని, తెర మీద బొమ్మను మళ్లీ చూశాను. పొయ్యివైపు చెంప తెల్లగా మెరిసిపోతోంది. రెండోవైపు చెవి నీలంగా ఉంది. ఒక బిడ్డ మొహంలో రెండు వైపులకూ అంత తేడా ఉండకూడదు. ఇరవై ఏళ్లుగా నేను చూస్తున్న బొమ్మల్లో అలా ఉంటుంది, ఒకపక్క ఎండ, ఒకపక్క చీకటి. మేం కొలిచింది పాపను కాదు, పాప మీద పడ్డ పొయ్యి వేడిని.

"పాపను పొయ్యి దగ్గర నుంచి కాసేపు ఇవతలికి తెద్దామా" అన్నాను.

ముత్తవ్వ చేట మీద చెయ్యి వేసి అడ్డం పెట్టింది. ఆమె తప్పేం లేదు. చలికాలం పొద్దున నెలలు నిండని బిడ్డను నిప్పుకు దూరం చేయమని ఎవరో పట్నం ఆవిడ అంటే నేనైనా ఒప్పుకోను. అప్పటిదాకా నోరు విప్పని సుజాత మంచం మీంచి, "ఇయ్యి అత్తా" అంది.

నాగమణి పాపను ఎత్తుకుని పొయ్యికి దూరంగా కూర్చుంది. నేను కెమెరా పట్టుకున్నాను. రంగులు మారడానికి ఎంతోసేపు పట్టలేదు. చెంప తెలుపు పసుపైంది, పసుపు మసకబారింది. గుడ్డ తప్పించి పాదాలు చూస్తే, వెనకనున్న మట్టిగోడ రంగూ వాటి రంగూ దాదాపు ఒకటే. నాగమణి చేతి వెనకభాగంతో ఆ పాదాలు తాకి, "అమ్మో, సల్లగున్నయి" అంది. ఎర్రయ్య ఒక్క ఉదుటున బయటికి పరుగెత్తాడు. ఫోను సిగ్నలు కల్వర్టు దగ్గరే దొరుకుతుంది, అంబులెన్సుకు చెప్పాలి.

ఈలోపు పాపను వెచ్చబెట్టాలి. ఎక్కడ పెట్టాలో నాగమణికి తెలుసు, నాకూ తెలుసు. ముత్తవ్వకు ఎలా చెప్పాలో ఇద్దరికీ తెలియలేదు. నేను ఏమీ చెప్పకుండా కెమెరాను సుజాతవైపు తిప్పి, తెరను అత్తాకోడళ్లిద్దరికీ కనిపించేలా పట్టుకున్నాను. నీలంగా ఉన్న గోడ ముందు, గొంగడి జారిన చోట, సుజాత గొంతూ ఎదా పసుపుగా ఎర్రగా వెలుగుతున్నాయి.

"గిది నేనా?" అంది సుజాత.

"అవును, నువ్వే. ఈ ఇంట్లో పొయ్యి తర్వాత అంత వెచ్చని చోటు ఇదే."

ఆమె తెరను వేలితో ముట్టుకుంది. తర్వాత ఏడుపు ఆపుకోలేకపోయింది. "పోయినేడు ఒక పిలగాడు పుట్టి పోయిండు మేడం. నీ ఒళ్లు సల్లటిది, అందుకే ఆగలేదు అన్నరు. అందరన్నరు. నేను గూడ నా ఒళ్లే సంపిందనుకున్న. గందుకే దీన్ని ముట్టుకోను గూడ భయమైంది."

నాకూ వెక్కి వెక్కి ఏడవాలనిపించింది. ముత్తవ్వ తెరకేసి చాలాసేపు చూసింది. లేచి, తన చెయ్యి కెమెరా ముందు పెట్టి తన రంగు చూసుకుంది. మళ్లీ కోడలి రంగు చూసింది. నాగమణి చేతుల్లోంచి పాపను తనే తీసుకుని, చుట్టిన గుడ్డలన్నీ విప్పి, కోడలి జాకెట్టు ముడి విప్పి, ఎదమీద బోర్లా పడుకోబెట్టింది. పైన చీర, ఆపైన గొంగడి కప్పి, పాప తలకు తన కొంగు చింపి కట్టింది. కోడలి తలమీద చెయ్యి వేసి ఏదో అంది. నాగమణి దాన్ని నాకు తెలుగులో చెప్పలేదు, నేనూ అడగలేదు.

గోదావరి వంతెన

అంబులెన్సు రోడ్డు దాకానే వస్తుంది. పాపను ఎదకు కట్టుకుని సుజాత మంచంలో కూర్చుంటే, ఎర్రయ్య, ఇద్దరు ఇరుగుపొరుగువాళ్లు, ఇంకొకాయన మంచం నాలుగు కోళ్లూ పట్టుకుని రోడ్డు దాకా మోశారు. నన్నెవరూ రమ్మనలేదు, వద్దననూ లేదు. ముత్తవ్వ నా చెయ్యి పట్టుకుని బండిలోకి లాగింది, అంతే. కెమెరాను ఆమె ఇప్పుడు ఒక దవాఖానా సామానుగా లెక్కేసింది.

దారి పొడవునా సుజాత కిందికి వంగి పాప ఊపిరి వింటూనే ఉంది. సారపాక దాటి వంతెన ఎక్కేసరికి మంచు విడిచింది. కింద గోదావరి సన్నగా, ఇసుకమేటల మధ్య పారుతోంది. ముత్తవ్వ కిటికీలోంచి నీళ్లకు దణ్ణం పెట్టింది. నేనూ పెట్టాను. ఇది మా అమ్మకు చెప్పాలి.

భద్రాచలం

దవాఖానాలో డాక్టరమ్మ పాపను చూసి, వేడి తగ్గింది, రక్తంలో చక్కెర తగ్గింది, ఇంకాస్త ఆలస్యమైతే కష్టమయ్యేది అంది. దారంతా తల్లి ఎదమీద తేవడం మంచిదైందని కూడా అంది. సుజాత ఆ మాట రెండోసారి చెప్పించుకుంది.

ముక్కోటి రోజులు. ఊరంతా యాత్రికులు, లాడ్జి గదికి రెట్టింపు కిరాయి, ఇడ్లీ చల్లారకముందే ప్లేటు ఖాళీ చేయమని హోటలువాడి తొందర. దవాఖానా మెట్ల మీద మాత్రం నింపాది. నేనూ ముత్తవ్వా అక్కడ కూర్చుని టీ తాగేవాళ్లం. ఆమెకు తెలుగు అర్థమవుతుంది, మాట్లాడటం కొంచెమే. ఒకసారి ఆకాశం వైపు వేలు చూపించి, "ఆడ?" అంది. అక్కడ చాలా చలి అని వణికి చూపించాను. "మనుషులు?" అంది. లేరన్నాను. తల అడ్డంగా ఊపి తన దుప్పటిలో సగం నా మీదికి జరిపింది.

పాప మొదటిరోజు పాలు తాగలేదు, గొట్టంతో పట్టారు. రెండోరోజు కాస్త చీకింది. సుజాత అలిసిపోయినప్పుడు ఎర్రయ్య చొక్కా విప్పి పాపను తన ఛాతీ మీద వేసుకున్నాడు. అంతమంది ఆడవాళ్ల మధ్య ఒట్టి ఒంటితో కూర్చోవడానికి సిగ్గుపడి, గోడవైపు తిరిగి కూర్చున్నాడు. గుడికి వెళ్లొద్దామని ప్రతి పూటా అనుకున్నాను, నిజంగానే. ప్రతి పూటా ఈసారి పాలు ఎంత తాగుతుందో చూసి వెళ్దాంలే అనిపించింది.

నేను తిరుగుప్రయాణమయ్యే రోజు పొద్దున లాడ్జి నుంచి చలిగాలిలో నడిచి వచ్చాను. వెళ్లేముందు చివరిసారి పాప పాదాల రంగు చూద్దామని కెమెరా తీస్తే చార్జి అయిపోయింది. సంచిలో వైరు వెతుకుతున్నాను.

"ఇగ గదెందుకు మేడం. పట్టుకొని సూడండి" అంది సుజాత. గొంగడి అంచు ఎత్తి ఒక చిన్న పాదం బయటికి తీసింది. నా బొటనవేలంత లేదు అది. వంగి దాన్ని రెండు వేళ్లతో పట్టుకున్నాను. పాప పాదం విసురుగా లాక్కుని, వార్డంతా తిరిగి చూసేలా గట్టిగా ఏడ్చింది.

సుజాత నవ్వుతూ పాదాన్ని మళ్లీ తన ఎదలోకి తోసుకుంది. "మీ సెయ్యే సల్లగుంది మేడం" అంది.